‘ఏం కాలేదు’ అనని సిస్టర్

సిస్టర్ పోయిందని నాకు గురువారం మధ్యాహ్నం తెలిసింది. పిల్లల బస్సులన్నీ వెళ్లిపోయాక, ఇప్పుడున్న మలయాళీ నర్సు లైబ్రరీ గుమ్మం దగ్గర నిలబడి చెప్పింది. తన ఊళ్లోనే, ఏదో గుండె జబ్బుతో పోయిందట. అప్పటికే పన్నెండు రోజులైందట. నేను చేతిలో ఉన్న పుస్తకాలు అరలో పెట్టి, లైట్లార్పి ఇంటికి వెళ్లాను. శుక్ర, శనివారాలు ఇక్కడ సెలవు. ఆ రెండు రోజులూ ఆమె ముఖం గుర్తు తెచ్చుకుందామంటే సరిగ్గా రాలేదు. గొంతు మాత్రం స్పష్టంగా వినపడుతూనే ఉంది.

ఆమెను చూసినదానికంటే వినడమే ఎక్కువ. బహ్రెయిన్‌లో, రిఫాలోని మా స్కూల్లో లైబ్రరీకీ క్లినిక్కుకీ మధ్య ఉన్నది పలచటి చెక్క గోడ. తొమ్మిదేళ్లు ఆ గోడకి అటు ఆమె, ఇటు నేను. ఆమెకొక పేరుండేది. ఆఫీసు ఫైళ్లలో ఇప్పటికీ ఉండి ఉంటుంది. ప్రిన్సిపాల్ దగ్గర్నుంచి పఠాన్ బస్సు డ్రైవర్ల దాకా అందరూ సిస్టర్ అనే పిలిచారు, నేనూ అంతే.

ఆమెది జగిత్యాల వైపు పల్లె. నాది కాకినాడ. అప్పట్లో స్టాఫులో తెలుగువాళ్లం మేమిద్దరమే కాబట్టి మేం బాగా స్నేహంగా ఉంటామని అందరూ అనుకునేవారు. నిజానికి రోజుకి నాలుగు మాటలు మాట్లాడుకుంటే ఎక్కువ. బహ్రెయిన్‌ని ఆమె దుబాయి అనేది. మనం ఉన్నది దుబాయి కాదు కదా సిస్టర్ అంటే, ఆ ముచ్చట మా ఊరికి ఫోన్ చేసి చెప్పుండ్రి సార్, ఎవరన్నా నమ్ముతరేమో అనేది.

ఇటు పిల్లలు చదువుకుంటూ ఉంటే అటు జబ్బు చేసిన పిల్లల తల్లిదండ్రులకు ఆమె చేసే ఫోన్లు వినపడేవి. జ్వరం నూట మూడు, వచ్చి తీసుకెళ్లండి. చెయ్యి విరిగింది, ఫలానా ఆసుపత్రికి రండి. అంతే, పెట్టేసేది. నమస్కారం ఉండదు, బాగున్నారా ఉండదు. ఒకసారి వెళ్లి కాస్త నెమ్మదిగా మాట్లాడమని అడిగాను.

“లైబ్రరీల మెల్లగ మాట్లాడుడు మీ డ్యూటీ సార్,” అంది. “నాది కాదు.”

క్లినిక్ గోడకి ఏడు మేకులుండేవి. ఒక్కో మేకుకి ఒక గుడ్డ సంచి. పాత యూనిఫాం గుడ్డతో ఆమే కుట్టింది. సంచి మీద పిల్ల ఫొటో, తరగతి, ఆ పిల్లకి ఏ తిండి పడదో రాసిన అట్టముక్క. లోపల ఒక అలర్జీ సిరప్ సీసా, రెండేసి పెన్నులు. మేమందరం పెన్ను అనేవాళ్లం. తొడకి ఆనించి గట్టిగా నొక్కితే లోపలి సూది బయటికొచ్చి మందు కండలోకి పోతుంది. పడని తిండి తిన్న పిల్లకి గొంతు వాచి ఊపిరి ఆడకపోతే, అంబులెన్స్ వచ్చేదాకా ప్రాణం నిలిపేది ఆ మందే. అది కూడా వెంటనే ఇస్తేనే.

ఖరీదైన మందులు అలా మేకులకి వేలాడటం బాగా లేదని ఒకసారి ఇన్‌స్పెక్షన్ ముందు ప్రిన్సిపాల్ ఒక ఇనప బీరువా పంపించాడు. ఆమె అందులో తన అన్నం డబ్బా పెట్టి తాళం వేసుకుంది. సంచులు మేకుల మీదే ఉన్నాయి. ఇదేంటని అడిగితే, అన్నం ఎత్తుకుపోయేవాళ్లు చాలామంది, సూది ఎత్తుకుపోయేవాడు ఒక్కడూ లేడు అంది. మే నెలలో ఒకావిడ తన కొడుకు పెన్నుల్ని మూడు రోజులు కారులో వదిలేసి, తర్వాత తెచ్చి ఇచ్చింది. సిస్టర్ వాటిని ఆవిడ కళ్లముందే చెత్తబుట్టలో పడేసింది. కొత్తవి వచ్చేదాకా పిల్లవాణ్ణి తరగతికి పంపనని గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆ ఎండకి మందు పనికిరాకుండా పోతుందని ఆవిడకి ఒక్క ముక్కలో చెప్పొచ్చు. చెప్పలేదు. వెయ్యి పనులున్నాయి, ఒక్కొక్కరికీ పాఠం చెప్పలేను అంది నాతో.

పాఠం చెప్పేది ఏప్రిల్‌లో, కొత్త తరగతులు మొదలయ్యే వారం. గడువు దాటిన పెన్నులన్నీ దాచిపెట్టి, తానుండే గది కిందున్న కోల్డ్ స్టోర్‌లో, అంటే ఇక్కడి కిరాణా కొట్లో, నారింజపళ్లు కొని స్టాఫు రూముకి తెచ్చేది. ఒక్కొక్క టీచరూ పండుకి పెన్ను గుచ్చి పది లెక్కపెట్టాలి. లెక్కల మాస్టారు గబగబా లెక్కపెట్టేశాడని ఆయనతో మూడుసార్లు చేయించింది. లెక్కల సార్‌కే పది రాకపోతే ఎట్ల అంటే అందరూ నవ్వారు, ఆయన తప్ప. అలా మందు ఎక్కిన నారింజ ఒకటి తినబోయాడు ఆటల మాస్టారు. తిను, గుండె దడదడ కొట్టుకుంటది, ఎవలి మీదనో మనసైందనుకుంటవు అంది. తర్వాత మా అందరినీ నిలబెట్టి తొడ బయటివైపు ఎక్కడ పొడవాలో చూపించేది. ప్యాంటు మీంచే పొడవొచ్చు. పిల్లని నిలబెట్టకూడదు, నడిపించకూడదు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టాలి. ఊపిరి మరీ కష్టంగా ఉంటే మాత్రం ఆనించి కూర్చోబెట్టొచ్చు. నేను పక్కగదిలో ఉంటాను కాబట్టి ఆమె లేనప్పుడు ఆ పని నాది. అందుకని నాతో ప్రతి ఏడూ రెండుసార్లు చేయించేది. పొడవడం నాకు బాగానే వచ్చు.

ఆ తర్వాత ఒక కాగితం గోడకి అంటించాలి. ఆఫీసు కాగితాలు టైపు చేసేది నేనే. అందులో మొదటి వరుస, తల్లిదండ్రులకు ఫోన్ చేసి చెప్పాలి. రెండోది, పెన్ను ఇవ్వాలి. మూడోది, అంబులెన్సుకి ఫోన్ చేయాలి. సిస్టర్ ఏటా ఎర్ర సిరాతో ఆ అంకెలు కొట్టేసి, పెన్నుకి ఒకటి, అంబులెన్సుకి రెండు, తల్లిదండ్రులకి మూడు అని వేసి నాకిచ్చేది. పరాయి పిల్లకి అడక్కుండా సూది ఎలా పొడుస్తామని ప్రిన్సిపాల్ ఏటా తిప్పి పంపేవాడు. నేను ఏటా పాతదే మళ్లీ టైపు చేసేవాణ్ణి. మీ కంప్యూటర్ల ఉన్నయి గవ్వే మూడంకెలు, జాగ మార్చుడే కద సార్ అనేది. నా చేతిలో ఏముంది సిస్టర్ అనేవాణ్ణి. ఏళ్ల తరబడి మా ఇద్దరి మధ్యా నడిచిన పెద్ద సంభాషణ అదే.

ఏడో మేకు మీద సంచి మూడో తరగతి పాపది. బుసైతీన్ నుంచి వచ్చేది. వాళ్లమ్మది భీమవరం, మనామాలో ఆఫీసు పని. నాన్నకి సౌదీ వైపు డ్యూటీ, వారానికోసారి వస్తాడు. పాపకి జీడిపప్పు పడదు. నాలుగేళ్లప్పుడు ఒకసారి ఆసుపత్రిలో పెట్టాల్సి వచ్చిందట. చేర్పించిన రోజు సిస్టర్ ఆ తల్లిని కూర్చోబెట్టి, జీడిపప్పు పలుకు నోట్లో పడితే పది నిమిషాల్లో బిడ్డ పోతది, ఫోన్ చెయ్యకముందే సూది ఇయ్యొచ్చని ఈ కాయితం మీద సంతకం పెట్టుండ్రి అంది. ఆవిడ ఏడ్చేసింది. సంతకం పెట్టలేదు. కాగితం మీద ‘ముందు నాకు ఫోన్ చేయండి’ అని రాసిచ్చి, తిన్నగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లింది. మొదటి రోజే పసిపిల్లని పట్టుకుని అలాంటి అశుభం మాటలేమిటని అడిగింది.

ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, మీ భాషలో మీరు చెప్పండన్నాడు. నాకూ ఆ మాటలు నచ్చలేదు. వెళ్లి, తల్లి మనసు కదా సిస్టర్, కాస్త చూసి మాట్లాడాలి అన్నాను. ఆమె దూది ఉండలు చేస్తోంది. తలెత్తకుండానే చెప్పింది.

“మా నాయిన సచ్చిపోయిననాడు మా అన్న ఫోన్ జేసిండు సార్. ఏం గాలేదే, నాయినకు కొంచెం జరమొచ్చింది, ఈలైతే వచ్చి పో అన్నడు. జరమే గద అని నాల్గు దినాలాగి టికెట్ తీసుకున్న. నేను దిగేసరికి బూడిద గూడ గోదాట్ల కలిపిన్రు. మా అన్న మంచోడే. నేను దేశంల లేను, ఒక్కదాన్ని ఏడుస్తనని అట్ల చెప్పిండు.” ఆ ఉండ డబ్బాలో వేసి ఇంకో దూది తీసుకుంది. “ఆనాటి సంది నేను ఏం గాలేదు అన్న మాట అంటలేను. మీరు ఏమన్ననుకోండ్రి.”

నేను బయటికొచ్చి, చెప్పానని ప్రిన్సిపాల్‌తో చెప్పాను.

ఆ పైయేడు నవంబర్‌లో, ఆటల పీరియడ్‌లో ఒకబ్బాయి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. సిస్టర్ వాణ్ణి స్కూలు కారులో హెల్త్ సెంటర్‌కి తీసుకెళ్లింది. వెళ్తూ లైబ్రరీలోకి తల పెట్టి, సంచులు చూస్కోండ్రి సార్ అంది. నేను తల ఊపాను.

ఆ రోజు మూడో తరగతిలో ఒకమ్మాయి పుట్టినరోజు. బయటి తిండి తేకూడదని ఉంది. కానీ ఆ అమ్మాయి తల్లి ఇంట్లో చేసిన చక్రపొంగలి కదా అని తరగతికంతా పంపింది. పాప సంగతి ఆవిడకి తెలుసు. అందుకని పాపకోసం విడిగా ఒక చిన్న డబ్బా పెట్టి, అందులోంచి జీడిపప్పులన్నీ ఓపిగ్గా ఏరేసి, మూత మీద పేరు రాసి మరీ పంపింది. ఎంతో ప్రేమతో చేసిన పని. మన ఇళ్లలో పడనిదాన్ని ఏరేయడమే కదా అలవాటు, కరివేపాకు ఏరేసినట్టు. జీడిపప్పు వేయించిన నెయ్యి పొంగలినిండా ఉంది.

తర్వాతి పీరియడ్ వాళ్లకి లైబ్రరీ. పాప నా బల్ల దగ్గరికొచ్చి, సార్, నాలుక దురదగా ఉంది అంది. పెదవి ఒకవైపు వాచి ఉంది. మెడ మీద ఎర్రగా దద్దుర్లు. నేను చూడగానే గ్రహించాను. ఎత్తుకుని క్లినిక్ మంచం మీద పడుకోబెట్టాను. కాళ్ల కింద దిండు పెట్టాను. ఏడో సంచిలోంచి పెన్ను తీసి మూత కూడా లాగాను. అంతవరకూ అన్నీ సరిగ్గానే చేశాను. ఎదురుగా గోడ మీద నేను టైపు చేసిన కాగితం ఉంది. మొదటి వరుస చూసి ఎడమచేత్తో ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఆ తల్లి ఎత్తింది.

“ఏంటి సార్, ఏమైంది పాపకి?”

“ఏం కాలేదమ్మా. కంగారు పడకండి. కొంచెం దద్దుర్లొచ్చాయి, అంతే.”

అలా అనాలని అనుకోలేదు. ఆ గొంతులో భయం వినగానే నోరు దానంతటదే అనేసింది. చిన్నప్పట్నుంచి ఇళ్లలో విన్నదీ నేర్చుకున్నదీ అదే. ఆవిడ ఊపిరి వదలడం నాకు వినిపించింది. హమ్మయ్య, సంచిలో అలర్జీ సిరప్ ఉంటుంది సార్, ఒక మూత పొయ్యండి, మీటింగ్ అవగానే వస్తాను అంది. సరేనమ్మా అన్నాను. పెన్నుకి మూత పెట్టి బల్ల మీద పెట్టాను.

ఆ తర్వాత ఏం జరిగిందో నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. ఏం కాలేదని నేనే అన్నాను. ఏమీ కానిదానికి సూది ఎలా పొడుస్తాను? ఆ మాట ఆవిడకంటే ముందు నేను నమ్మాను. సిరప్ పోశాను. పాప కక్కుకుంది. మళ్లీ పోయాలా వద్దా అని సీసా మీద అక్షరాలు చదువుతూ కూర్చున్నాను. ఎవరూ కంగారు పడకూడదని తలుపు కూడా దగ్గరగా వేశాను. పాప గొంతు బొంగురుపోయింది. తర్వాత ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా ఈల వేసినట్టు శబ్దం వచ్చింది. మళ్లీ ఫోన్ చేస్తే, ఇందాక ఏం కాలేదన్నారు కదా అంటుందేమోనని ఆలోచించాను. పిల్ల పెదాలు రంగు మారుతుంటే నేను ఆలోచించింది అది.

తలుపు తెరుచుకుంది. సిస్టర్ ఒక్క చూపు చూసింది. బల్ల మీది పెన్ను అందుకుని, మూత లాగి, పాప తొడ మీద నొక్కిపెట్టింది. ఒకటి నుంచి పది దాకా పైకి లెక్కపెట్టింది. లెక్కపెడుతున్నంతసేపూ నావైపే చూస్తోంది.

“అంబులెన్సుకు ఫోన్ కొట్టు,” అంది. నన్ను నువ్వు అనడం అదే మొదటిసారి.

నేను అంబులెన్సుతో మాట్లాడుతుండగా ఆమె పాపని తన ఒంటికి ఆనించి కూర్చోబెట్టుకుని తల్లికి ఫోన్ చేసింది. బిడ్డకు ఊపిరి అందుతలేదు. సూది ఇచ్చిన. అంబులెన్స్ వస్తుంది. సీదా దవాఖానకు రాండ్రి. పెట్టేసింది. అయిదు నిమిషాలకీ ఈల తగ్గకపోతే రెండో పెన్ను ఇచ్చింది. అంబులెన్స్ వచ్చేసరికి పాప ఏడవడం మొదలుపెట్టింది. ఏడువు బిడ్డా, గట్టిగ ఏడువు, గాలి పోతది లోపటికి అంటూ పాపతోపాటు ఎక్కి వెళ్లిపోయింది. నా ఫోనుకీ ఆమె ఫోనుకీ మధ్య పద్దెనిమిది నిమిషాలు.

పాప బతికింది. రెండు రాత్రులు ఆసుపత్రిలో ఉంచి పంపించారు.

జరిగినదాని మీద రిపోర్టు రాయాలి. అదీ నేనే టైపు చేశాను. తల్లికి వెంటనే తెలియజేయడమైనది. తల్లి సలహా మేరకు సిరప్ ఇవ్వడమైనది. పరిస్థితి మారిన పిమ్మట నర్సు పెన్ను ఇచ్చినది. ప్రతి వాక్యమూ నిజమే. సిస్టర్ నిలబడే చదివి సంతకం పెట్టింది. తప్పులేం లేవు సార్ ఇందుల అంది.

వారం తర్వాత ఆ తల్లి క్లినిక్‌కి వచ్చింది. గోడ ఇవతల నేనున్నాను. ముందే ఎందుకు సరిగ్గా చెప్పలేదని ఆవిడ సిస్టర్‌నే నిలదీసింది. మొదటి ఫోన్ ఆమె చేయించిందనుకుంది.

“మొదాలు ఫోన్ జేసింది నేను గాదు మేడం, లైబ్రరీ సార్. సూది చేతుల పట్టుకొని ఏం గాలేదన్నడు.” మళ్లీ సిస్టరే అంది. “చెడ్డోడు గాదు. మీరు బుగులు పడుతరని అట్లన్నడు. మీరు గూడ ఆ మాటే ఇనాలనుకున్నరు.”

ఆ తల్లి బయటికొచ్చి లైబ్రరీ గుమ్మం దగ్గర ఆగింది. నేను కుర్చీలోంచి లేచాను. ఏదో ఒకటి అంటుందని ఎదురుచూశాను. నావైపు చూసి వెళ్లిపోయింది. తర్వాత పాపని వేరే స్కూల్లో వేశారు.

నాకు సిస్టర్ మీద కోపం వచ్చింది. రాసేటప్పుడు సిగ్గుగా ఉంది గానీ, అప్పుడు మాత్రం నా మీద కంటే ఆమె మీదే ఎక్కువ వచ్చింది. తెలుగువాళ్లం, ఒక మాట కడుపులో పెట్టుకోలేకపోయిందా అనుకున్నాను. ఆమెతో మాట్లాడటం మానేశాను. ఆమెకి అది తెలిసినట్టు కూడా లేదు, ఎప్పటిలాగే గోడవతల పెద్దగా మాట్లాడుతూ ఉండేది. యాజమాన్యం వాళ్లకి ఇంకో రకం కోపం వచ్చింది. స్కూలు లోపలి విషయం నర్సు పేరెంట్లకి ఎలా చెబుతుందని. పాత ఫిర్యాదులూ తీశారు. జూన్‌తో ఆమె కాంట్రాక్టు అయిపోయింది, మళ్లీ రాయలేదు. నన్నెవరూ ఏమీ అడగలేదు. నేనూ వెళ్లి ఏమీ చెప్పలేదు. గోడ మీది కాగితం మాత్రం మార్చమన్నారు. పెన్ను ఒకటి, అంబులెన్స్ రెండు, తల్లిదండ్రులు మూడు. అంకెలు జాగా మార్చి టైపు చేసి అంటించాను. నిమిషం పట్టలేదు.

ఆమె ఆఖరి రోజు, సంచులన్నీ కొత్తగా వచ్చిన నర్సుకి అప్పజెప్పాక, లైబ్రరీలోకి వచ్చింది. పిల్లలెవరూ లేరు. నేర్చుకోడానికి వాడే, సూదిలేని పెన్ను ఒకటి నా బల్ల మీద పెట్టింది. సామాన్‌లో బరువెందుకని ఇస్తోందనుకున్నాను. వీడ్కోలు మాటేదో చెబుతుందనుకుని, నేనూ ఏదో ఒకటి అనాలని వెతుక్కుంటున్నాను.

“పొడుసుడు మీకొచ్చు,” అంది. “మాట్లాడుడు రాదు. ఫోన్ తియ్యుండ్రి.”

ఇప్పుడెందుకు సిస్టర్ అన్నాను. కొత్తమ్మాయి లీవు పెట్టిననాడు మళ్లీ మీరే కదా అంది. ఎదురుగా ఉన్న పిల్లల కుర్చీ లాక్కుని కూర్చుని, తన చెయ్యి చెవికి ఆనించుకుంది. తానే ఆ తల్లన్నట్టు. ఏడు నెలల్లో ఆమెని అంత దగ్గర్నుంచి చూడటం అదే. కళ్ల కింద నల్లగా ఉంది. అలిసిపోయి ఉంది. ఎంత తొందరగా అయితే అంత తొందరగా ఇది ముగిస్తే వెళ్లిపోవచ్చన్నట్టు కూర్చుంది.

నేను ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను.

“పాపకి ఊపిరి కొంచెం అందట్లేదమ్మా. పెన్ను ఇచ్చాను. అంబులెన్స్ వస్తోంది.”

“‘కొంచెం’ తీసెయ్యుండ్రి.”

మళ్లీ చెప్పాను. పాపకి ఊపిరి అందట్లేదు. పెన్ను ఇచ్చాను. అంబులెన్స్ వస్తోంది. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. ఇంత గట్టిగా, ఇంత మొరటుగా ఒక తల్లితో ఎవరైనా మాట్లాడతారా అనిపించింది. ఆమె చెయ్యి చెవి దగ్గర్నుంచి తియ్యలేదు.

“ఇంకోసారి,” అంది.